గిరి గారి కుర్చీలో కూర్చున్న మంత్రి గారికి

కేంద్ర కార్మిక, ఉపాధి కల్పన శాఖ మంత్రి గారూ,

మీ శాఖ కింద నోయిడాలో ఒక పరిశోధన సంస్థ పనిచేస్తోంది. 1974లో నేషనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైన ఆ సంస్థకు 1995లో వరాహగిరి వెంకటగిరి పేరు పెట్టారు. కార్మిక మంత్రిగా ఎవరుంటే వారే దాని జనరల్ కౌన్సిల్‌కు అధ్యక్షులు. ఆ మంత్రి కుర్చీ కూడా ఒకప్పుడు గిరిదే. 1952 నుంచి 1954 దాకా ఆయన అందులో కూర్చున్నారు. తర్వాత ఎవరూ పొమ్మనకుండానే లేచి వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లారన్నది ఈ ఉత్తరంలో కాస్త ముందుకెళ్లాక వస్తుంది.

గిరి అనగానే ఇవాళ్టి పాఠకుడికి గుర్తొచ్చేది 1969 రాష్ట్రపతి ఎన్నిక. అంతరాత్మ ప్రబోధం, నీలం సంజీవరెడ్డి ఓటమి, కాంగ్రెస్ చీలిక. ఇద్దరు తెలుగువాళ్ల నడుమ జరిగిన ఆ పోటీ గురించి పత్రికలు కావలసినంత రాశాయి. అంతకు ముందు దశాబ్దాల తరబడి ఆయన చేసిన పని గురించి రాసింది మాత్రం తక్కువ. ఆ కాలమంతా ఆయన కార్మిక సంఘాలు కట్టారు, వాటిని నడిపారు, కార్మిక సమస్యను ఒక శాస్త్రంగా చదివారు. సొంతూరు వదిలి పరాయి చోట బతికే కూలీ ఆ పనిలో ప్రతి మలుపులోనూ ఆయనకు ఎదురుపడుతూనే ఉన్నాడు. మీ ముందు ఇప్పుడున్న వలస కార్మికుల సమస్యకు, ఆ సంస్థ బోర్డు మీదున్న పేరుకు సంబంధం అక్కడుంది.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాబట్టి ఇల్లు కలిగిన ఇల్లే. ఊరి చుట్టూ ఉన్న సీమ మాత్రం వలసల సీమ. గోపాలపురం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి ఏటా వేలమంది రంగూన్ వెళ్లేవారు. అక్కడ రేవులో మూటలు మోసేవారు, వరి కోతలు కోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మావాళ్లను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్లను తీసేసి తెలుగువాళ్లను మళ్లీ పిలిచాయి. ఆ చిచ్చు రోజుల తరబడి రగిలి వందమందికి పైగా చచ్చిపోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్లు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇంటిదారి పట్టారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉంది.

ఈ సీమ నుంచి గిరి కూడా ఓడెక్కారు, కూలికి కాదు, చదువుకు. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. సరిగ్గా అదే ఏడాది అక్కడ జిమ్ లార్కిన్, జేమ్స్ కానలీల నాయకత్వంలో కార్మికులు యజమానుల లాకౌట్‌కు ఎదురు నిలబడి నెలల తరబడి పస్తులుండి పోరాడారు. డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులతో కలిసి గిరి చేసిన తొలి రాజకీయపు పనుల్లో ఒకటి, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న అత్యాచారాల గురించి ఒక కరపత్రం తేవడం. ఒప్పంద కూలీలుగా వెళ్లి అక్కడ చిక్కుకుపోయినవాళ్ల గోడు అది. ఇంటెలిజెన్స్ వాళ్ల చేతికి ఆ కరపత్రం చిక్కి, అప్పటినుంచి ఈ కుర్రాళ్ల మీద నిఘా మొదలైంది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత పోలీసులు వాళ్ల గదులు సోదా చేశారు. తిరుగుబాటు నాయకులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో, నెలరోజుల్లో ఐర్లాండ్ విడిచి పొమ్మని జూన్ 1న గిరికి నోటీసిచ్చారు. కానలీని అప్పటికే కాల్చి చంపారు. గిరి బారిస్టరు పట్టా చేతబట్టుకుని బరంపురం వచ్చేశారు.

తర్వాతి కథంతా రైలుపట్టాల వెంట నడిచింది. బెంగాల్ నాగపూర్ రైల్వేకు ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు ఉండేది. అందులో పనిచేసేవాళ్లు ఆ ఊరివాళ్లు కారు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, ఒరియావాళ్లు, పంజాబీలు, బెంగాలీలు కలిసి అక్కడ కొత్త ఊరు కట్టుకున్నారు. ఖరగ్‌పూర్ వీధుల్లో ఇవాళ్టికీ తెలుగు వినబడడానికి కారణం ఆ వర్క్‌షాపే. 1927–28లో యాజమాన్యం పెద్ద ఎత్తున రిట్రెంచ్‌మెంటుకు దిగినప్పుడు గిరి వాళ్ల పక్షాన నిలిచి సమ్మె నడిపించారు. భాషలు వేరు, కులాలు వేరు, ఊళ్లు వేరు అయిన కార్మికులను ఒక సంఘం కిందికి తేవడం ఎంత కష్టమో అక్కడ తెలిసింది. సొంతూరి మనిషిని తీసేస్తే ఇంటికెళ్లి గంజి తాగుతాడు. రైల్వే క్వార్టరులో ఉన్న వలస మనిషిని తీసేస్తే పనితో పాటు ఇల్లూ పోతుంది, పిల్లల బడీ పోతుంది, అప్పిచ్చే కొట్టూ పోతుంది. నూరేళ్లు కావస్తున్నా ఈ సంగతి మారలేదు.

ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లో గిరి ఒకరు, దశాబ్దానికి పైగా దాని ప్రధాన కార్యదర్శి. 1926లో ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకు కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1929లో ఏఐటీయూసీ చీలినప్పుడు ఆయన మితవాదుల వైపే ఉన్నారు. విట్లీ అధ్యక్షతన బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్‌ను బహిష్కరించాలని కమ్యూనిస్టులు పట్టుబడితే, గిరి, ఎన్.ఎం. జోషీ వంటివారు వేరే ఫెడరేషన్ పెట్టుకున్నారు. కమిషన్ ముందు కూర్చుని వాదించడం తప్పు కాదన్నది వాళ్ల లెక్క. ఎర్రజెండా మిత్రులు దీన్ని చాలాకాలం మరిచిపోలేదు.

1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ నేత, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి అయిన బొబ్బిలి రాజాను ఆయన సొంత కోట ముందే ఓడించి, గిరి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ఉత్తరాంధ్ర ముసలివాళ్లు ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. క్విట్ ఇండియా జైలు, మళ్లీ మంత్రి పదవి, ఇవన్నీ దాటి 1947లో సిలోన్‌కు భారత హైకమిషనర్‌గా వెళ్లారు. వలస అంటే ఏమిటో రాజ్యం భాషలో ఆయన చదువుకున్నది అక్కడే.

సిలోన్ తేయాకు తోటల్లో అప్పటికి మూడు నాలుగు తరాలుగా పనిచేస్తున్న భారత సంతతి కూలీలు లక్షల్లో ఉండేవారు, దాదాపు అందరూ తమిళులు. సిలోన్ స్వతంత్రమైన ఏడాదే, 1948లో, కొలంబో పార్లమెంటు పౌరసత్వ చట్టం చేసింది. తాతముత్తాతల పుట్టుకకు కాగితాలు చూపించలేని తోట కూలీ ఒక్క దెబ్బతో ఏ దేశమూ లేనివాడయ్యాడు, మరుసటేడాదే ఓటు కూడా పోయింది. నెహ్రూ, సిలోన్ ప్రధాని సేనానాయకేల మధ్య మాటలు ఫలించలేదు. హైకమిషనర్‌గా గిరి దీన్ని దగ్గరినుంచి చూశారు, ఆపలేకపోయారు. 1964 సిరిమావో–శాస్త్రి ఒప్పందంలో 5.25 లక్షల మందిని భారత్ తీసుకోవాలని, 3 లక్షల మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలని, మిగిలిన లక్షన్నర మంది సంగతి తర్వాత చూద్దామని రెండు ప్రభుత్వాలు పంచుకున్నాయి. తోట పచ్చగా ఉండడానికి వాళ్ల చేతులు కావాలి, ఓటరు జాబితాలో వాళ్ల పేర్లు మాత్రం అక్కర్లేదు. ఈ తర్కం కొలంబోతోనే ఆగిపోయిందని ఎవరూ అనుకోవద్దు.

ఇక మీ కుర్చీ సంగతి. 1952లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన గిరి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ఆ అక్టోబరులో నైనితాల్‌లో జరిగిన ఇండియన్ లేబర్ కాన్ఫరెన్సులో ఆయన పెట్టిన ప్రతిపాదనలకే తర్వాత గిరి విధానం అని పేరొచ్చింది. తగవు రాగానే ట్రిబ్యునల్‌కు పంపి తీర్పు తెప్పించే పద్ధతి కార్మిక సంఘాన్ని నిర్వీర్యం చేస్తుందని, యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే దారి అని ఆయన వాదన. యజమానులకు ఇది నచ్చలేదు. కొన్ని సంఘాలకూ నచ్చలేదు, ఎందుకంటే బలహీనమైన సంఘానికి ట్రిబ్యునలే దిక్కు. సాటి మంత్రుల మద్దతూ పెద్దగా దక్కలేదు. ఇన్నేళ్ల తర్వాత చూస్తే గిరి వాదంలో ఒక లోపం స్పష్టంగానే కనిపిస్తుంది. ఎదురెదురుగా కూర్చోవాలంటే కార్మికుడికి కుర్చీ ఉండాలి కదా. రైల్వే కార్మికుడికి ఉంది, బ్యాంకు ఉద్యోగికి ఉంది. ఇటుక బట్టీలో పనిచేసేవాడికి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. కార్మిక మంత్రిగా తాను ఒప్పుకోని నిర్ణయాన్ని సమర్థించుకుంటూ కూర్చోలేనని గిరి రాజీనామా చేశారు. తర్వాత ప్రభుత్వం కమిషన్ వేసింది, జస్టిస్ గజేంద్రగడ్కర్ నివేదిక ఇచ్చారు, 1955లో దానికి చట్టబద్ధత వచ్చింది. స్వతంత్ర భారతంలో కార్మికుల కూలి విషయంలో పదవి వదులుకున్న కేంద్ర కార్మిక మంత్రి అంటే ముందుగా చెప్పవలసిన పేరు ఇదే.

మంత్రి పదవి పోయాక చాలామంది ఆత్మకథ రాస్తారు. గిరి కూడా రాశారు గాని చాలా ఆలస్యంగా, 1976లో. అంతకంటే ముందు పారిశ్రామిక సంబంధాల మీద, భారత పరిశ్రమల్లో కార్మిక సమస్యల మీద పెద్ద పుస్తకాలు రాశారు. కాలేజీల్లో ఏళ్ల తరబడి అవే పాఠ్యపుస్తకాలు. 1957లో ఆర్థికవేత్తలను, సంఘాల వాళ్లను కలిపి ఇండియన్ సొసైటీ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్ స్థాపించారు. కార్మికుల గురించి లెక్కలు లేకుండా విధానం రాయకూడదన్న పట్టుదల ఆ పనంతటా కనిపిస్తుంది.

దండ వేసి దణ్ణం పెట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదు గనక మరో రెండు సంగతులూ చెప్పాలి. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో గిరి ఓడిపోయారు. రిజర్వుడు సీటు పోను మిగిలిన జనరల్ సీటును కూడా షెడ్యూల్డు తెగకు చెందిన డిప్పల సూరిదొర ఓట్లతో గెలుచుకున్నారు. తెగవాడు జనరల్ సీటు ఎలా గెలుస్తాడని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1959లో అక్కడా ఓడిపోయారు. పేదల పక్షాన అంతకాలం పనిచేసిన మనిషికి అది శోభనివ్వలేదు. రెండోది 1974 మే. పదిహేడు లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగితే ఇందిరాగాంధీ ప్రభుత్వం వేలమందిని జైళ్లలో పెట్టి, క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్లగొట్టి, ఇరవై రోజుల్లో అణచివేసింది. సమ్మెకు నాయకత్వం వహించిన జార్జి ఫెర్నాండెజ్ అప్పుడు గిరి స్వయంగా పెంచిన ఆ రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కే అధ్యక్షులు. గిరి రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. ఇరవై ఏళ్ల కిందట బ్యాంకు గుమస్తాల కోసం రాజీనామా చేసిన మనిషి, తన సొంత రైలు కార్మికుల కోసం కదలలేదు.

ఇప్పుడు మీ శాఖ చేతిలోని వలస చట్టం సంగతికి వద్దాం.

గిరి పుట్టిన సీమ పేరు, నేరుగా కాకపోయినా, దేశపు వలస చట్టంలో నిక్షిప్తమై ఉంది. ఒరిస్సా నుంచి సర్దార్లు, ఖాతాదార్లు అనే మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి కూలీలను దూరప్రాంతాల ప్రాజెక్టులకు తోలుకుపోయేవారు. వాళ్లను దాదన్ కూలీలు అనేవారు. వెళ్లేటప్పుడు చెప్పిన కూలి ఒకటి, అక్కడ ఇచ్చేది ఒకటి. వారంలో ఏడు రోజులూ పనే. 1976 కార్మిక మంత్రుల సదస్సు దీని మీద కమిటీ వేయమంది, ఆ కమిటీ సిఫారసుల మీద 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చి 1980 అక్టోబరు 2 నుంచి అమలైంది. మన పాలమూరు లేబర్‌దీ అదే కథ. గుంపు మేస్త్రీ చేతిలో బయానా తీసుకుని దేశంలోని ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసిన కుటుంబాలు ఆ జిల్లాలో ఊరూరా ఉన్నాయి.

చట్టం మంచిదే. అయిదుగురు వలస కార్మికులున్న చోటు నుంచే వర్తించేది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి. ఊరు వదిలించినందుకు సగం నెల కూలి భత్యంగా ఇవ్వాలి, అది తిరిగి పట్టుకోకూడదు. దారి ఖర్చులు వేరే. కాని దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. నలభై ఏళ్ల పాటు రిజిస్టర్లు రాయవలసిన శాఖ, 2020 ఏప్రిల్లో లాక్‌డౌన్ మధ్యలో మేలుకుంది. చిక్కుకుపోయిన వలస కార్మికులు ఎంతమందో మూడు రోజుల్లో లెక్క పంపమని చీఫ్ లేబర్ కమిషనర్ ప్రాంతీయ అధికారులకు లేఖ రాయాల్సి వచ్చింది.

ఆ తర్వాతి వారాలు దేశమంతా చూసింది. తెలుగు నేల మీద జరిగినవి రెండు చెబితే చాలు. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న జార్ఖండ్, బీహార్ కార్మికులు ఏప్రిల్ నెలాఖరున కూలి కోసం, ఇంటికి పంపమని రోడ్డెక్కారు. రెండు రోజులకు, మే 1 తెల్లవారుజామున, లింగంపల్లి నుంచి హటియాకు దాదాపు 1,200 మందితో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఇటు గుజరాత్‌లోని వెరావల్ రేవులో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు వేలమంది పడవల మీదే వారాల తరబడి ఉండిపోయారు. ఏటా వేట సీజనుకు అడ్వాన్సు తీసుకుని అక్కడికి వెళ్లే మనుషులు వాళ్లు. వాళ్లలో ఇరవైమంది పాకిస్తాన్ చెరలో పద్నాలుగు నెలలుండి ఆ జనవరిలోనే వాఘా దాటి వచ్చారు. సొంత ఊరి సముద్రంలో వేటకు జెట్టీలు, చేపలు నిలవ పెట్టే వసతులు లేక అంత దూరం పోవలసి వస్తోందని వాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

మే 8న ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్‌లో పట్టాల మీద నిద్రపోయిన పదహారుమందిని గూడ్సు రైలు తొక్కేసింది. అదే నెల వరంగల్ శివారు గొర్రెకుంటలో ఒక వలస కుటుంబం, తోటి కార్మికులు కలిపి తొమ్మిదిమంది శవాలు బావిలో తేలాయి. అది హత్య అని పోలీసులు తేల్చారు, కోర్టు శిక్ష వేసింది.

ఆ సెప్టెంబరులో పార్లమెంటు కూర్చున్నప్పుడు, ఇళ్లకు వెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని సభ్యులు అడిగారు. తిరిగి వెళ్లినవాళ్లు కోటికి పైగా అని మీ శాఖ లెక్క చెప్పింది. చనిపోయినవాళ్ల లెక్క లేదు, కాబట్టి పరిహారం ప్రశ్నే రాదు అంది. అదే సమావేశాల్లో రైల్వే మంత్రి, శ్రామిక్ రైళ్లలో 97 మంది మరణించారని రాజ్యసభకు చెప్పారు. ఒకే ప్రభుత్వంలో రెండు శాఖలు. రైళ్ల శాఖ దగ్గర అంకె ఉంది, కార్మికుల శాఖ దగ్గర లేదు. గిరి బతికి ఉంటే ఏమనేవారో ఊహించడం అనవసరం, ఆయన పేరుతో ఉన్న సంస్థ ఈ లెక్క తీసిందా అన్నదే ప్రశ్న.

అదే సమావేశాల్లో మూడు కార్మిక కోడ్‌లు ఆమోదం పొందాయి. అంతకు ముందరి వేతనాల కోడ్‌తో కలిపి నాలుగూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 1979 వలస చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. న్యాయంగా చెప్పాలంటే కొత్త కోడ్ ఒక పెద్ద తలుపు తెరిచింది. పాత చట్టం కాంట్రాక్టరు తీసుకెళ్లినవాడినే వలస కార్మికుడనేది, కోడ్ తనంతట తాను రైలెక్కి వచ్చినవాడిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఇవాళ వచ్చేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే.

ఆ తలుపు పక్కనే రెండు గోడలు లేచాయి. అయిదుగురు అన్న హద్దు పదిమంది అయింది. హైదరాబాద్ శివార్లలో ఏడెనిమిది మంది బీహారీ కుర్రాళ్లతో ఇల్లు కట్టే చోట కోడ్‌లోని వలస కార్మికుల భాగం అడుగుపెట్టదు. జీతం నెలకు 18,000 రూపాయలు దాటితే నిర్వచనమే వర్తించదు. రోజుకు 700 చొప్పున 26 రోజులు పనిచేసిన తాపీ మేస్త్రీకి 18,200 వస్తుంది, ఆ రెండొందలతో ఆయన వలస కార్మికుడు కాకుండా పోతాడు. ఈ మొత్తాన్ని పెంచే అధికారం కేంద్రానికి ఉంది, వాడుకోవాలి. ఊరు వదిలినందుకు ఇచ్చే సగం నెల కూలి భత్యం కొత్త కోడ్‌లో లేనే లేదు. ఏడాదికోసారి ఇంటికెళ్లి రావడానికి ప్రయాణ భత్యం మిగిలింది.

ఈ తేడాలు కాగితం మీద చిన్నవి. బట్టీ దగ్గర చిన్నవి కావు. పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి నవంబరు, డిసెంబరు నెలల్లో కుటుంబాలు తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు వస్తాయి. మొగుడు, పెళ్లాం, ఒక పిల్ల కలిపి ఒక జట్టు. సర్దారు అడ్వాన్సు ఇచ్చేది జట్టు లెక్కన, ఇటుకల లెక్క కట్టేదీ జట్టుకే. పిల్ల చేతులు లెక్కలో ఉన్నా పిల్ల పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. 2013 డిసెంబరులో, అడ్వాన్సు తీసుకున్న ఇద్దరు కలహండి కార్మికుల కుడి చేతులను కాంట్రాక్టరు మనుషులు నరికేశారు. వాళ్ల నేరం, మన వైపు వస్తామని ఒప్పుకున్న తమను వేరే చోటికి తీసుకెళ్తుంటే రాము అనడం. సుప్రీంకోర్టు ఆ వార్త చదివి తనంతట తానే కేసు తీసుకుంది.

మనవాళ్లు బయట పడే బాధల గురించి రాసే తెలుగు పత్రికలు, మన దగ్గరికి వచ్చినవాళ్లు పడే బాధల గురించి అంత రాయవు. 2022 మార్చిలో సికింద్రాబాద్ భోయిగూడ తుక్కు గోదాములో మంటలు లేచి, పైన నిద్రపోతున్న పదకొండుమంది బీహార్ కార్మికులు కాలిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో యాభైమందికి పైగా చనిపోయారు, చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్లు. డీఎన్‌ఏ పరీక్షలతో శవాలు గుర్తుపట్టారు, ఎనిమిదిమంది ఆనవాళ్లు అప్పటికీ దొరకలేదు. ఆ షిఫ్టులో లోపల ఎవరెవరున్నారో గేటు దగ్గర సరైన జాబితా ఉంటే ఆ కుటుంబాలు అన్ని రోజులు ఆసుపత్రి ముందు పడిగాపులు పడేవి కావు.

వలస కార్మికుల లెక్క ఎలా తీయాలో తెలియక కాదు. డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1962లో దక్షిణ గుజరాత్ ఊళ్లకు వచ్చి, మళ్లీ మళ్లీ అవే ఊళ్లకు వెళ్తూ, చెరకు కోతవాళ్లను, బట్టీ కూలీలను, సూరత్ మగ్గాల దగ్గర పన్నెండు గంటలు నిలబడే వలస కుర్రాళ్లను అర్ధ శతాబ్దం పాటు వెంటాడి రాశారు. సూరత్ మరమగ్గాల మీద పనిచేసేవాళ్లలో గంజాం వాళ్లు లక్షల్లో ఉన్నారని గుర్తుచేయాలా? గిరి ఊరివాళ్లే వాళ్లంతా. ఒక విదేశీ ప్రొఫెసరు ఒంటరిగా చేయగలిగిన పని, జాతీయ సంస్థ చేయలేనిదేమీ కాదు. 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో ముప్పై కోట్లకు పైగా పేర్లు నమోదయ్యాయి. మంచిదే. కాని అది తనను గురించి తాను చెప్పుకునే జాబితా. ఇవాళ ఆ మనిషి ఏ రాష్ట్రంలో, ఎవరి దగ్గర, ఎంత కూలికి ఉన్నాడో దాన్నిబట్టి ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పలేడు. 2027 జనగణన ముందుంది, అందులో సీజను వలస పట్టుబడేలా ప్రశ్నలు పెట్టించడానికి మీ శాఖ ఇప్పుడే గట్టిగా అడగాలి.

చివరగా ఒక సంగతి. గిరి నైనితాల్‌లో మాట్లాడిన ఇండియన్ లేబర్ కాన్ఫరెన్సు, ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒక బల్ల చుట్టూ కూర్చునే అత్యున్నత జాతీయ వేదిక. కుటుంబానికి ఎంత తిండి, ఎంత బట్ట లెక్కేసి కనీస వేతనం కట్టాలన్న సూత్రం 1957లో ఆ సదస్సే చెప్పింది, సుప్రీంకోర్టు దాన్నే ఇప్పటికీ ప్రమాణంగా తీసుకుంటుంది. 46వ సదస్సు 2015 జులైలో జరిగింది. ఆ తర్వాత పదేళ్లలో ఒక్కటి కూడా జరగలేదు. ఇరవై తొమ్మిది చట్టాలను నాలుగు కోడ్‌లుగా మార్చిన కాలమంతా ఆ బల్ల ఖాళీగానే ఉంది. కేంద్ర సంఘాలు సమ్మెలు చేశాయి, మీ శాఖ ప్రకటనలు ఇచ్చింది.

కాబట్టి మంత్రి గారూ, విన్నపాలు ఇవి. పదిమంది హద్దును మళ్లీ అయిదుగురికి దించండి. 18,000 పరిమితిని ఎత్తేయండి, లేదా నోటిఫికేషన్‌తో పెంచండి. ఊరు వదిలిన భత్యాన్ని తిరిగి చేర్చండి. పని చోట చనిపోయిన వలస కార్మికుల వివరాలు రాష్ట్రాలవారీగా ఏటా పార్లమెంటు ముందు పెట్టే బాధ్యతను గిరి పేరున్న సంస్థకు అప్పగించండి, ఆ నివేదిక మీ శాఖకు ఇబ్బంది కలిగించినా ఆపకండి. సదస్సులో గుర్తింపు పొందిన కేంద్ర సంఘాలతో పాటు బట్టీ కార్మికులకు, మత్స్యకారులకు, అడ్డా కూలీలకు కూడా కుర్చీలు వేయండి. అన్నిటికంటే ముందు, 47వ ఇండియన్ లేబర్ కాన్ఫరెన్సు తేదీ ప్రకటించండి.